నీళ్ళ ట్యాంకు మీద మూడు రోజులు

"క్లెమ్, ముందు బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ ఎవరో తెలుసా? ఐవీ ప్రింగిల్! స్వీయచరిత్ర రాసిందే, ఆవిడే!" అంది కార్యక్రమం నడిపే డోరీన్, మైకు చేతికిస్తూ.

క్లెమ్ టలక్ మైకు అందుకున్నాడు గానీ, చూపు ఆ ముందు బల్ల మీదే ఉండిపోయింది.

గూలాంగ్ సంత మైదానంలో ఏటా జరిగే కవుల ఫలహారం అది. జనం సాసేజీలూ రొట్టే తింటూ ఉంటారు, కవులు ఒక్కొక్కరే లేచి పద్యం చదువుతారు. షరతు ఒక్కటే. "నా కథ" అని మొదలుపెడితే అది తనకు జరిగిందే అయివుండాలి. కాదని తెలిసినవాళ్ళు చెంచాతో కంచం మోగించవచ్చు. దొంగ అని తేలినవాడికి ఇక ఈ జన్మలో ఆ మైకు దక్కదు. పద్యం తప్ప వేరే లోకం లేని క్లెమ్‌కి అది ఉరిశిక్ష.

అతను నలభై ఏళ్ళు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టాడు. అతని జీవితంలోకెల్లా పెద్ద సంఘటన, ఒకరోజు ఆ ముద్ర తన బొటనవేలి మీదే పడటం. అందుకే చలికాలమంతా లైబ్రరీలో కూర్చుని పరుల స్వీయచరిత్రలు చదువుతాడు. 'పడేవాళ్ళు పడ్డారు, రాసేవాళ్ళు రాశారు, పాడేవాడు కూడా ఒకడుండాలిగా' అని సర్దిచెప్పుకుంటాడు. నిరుడు అతను మొసలితో పట్టిన కుస్తీ కూడా అలా అరువొచ్చిందే.

ఈసారిది ఐవీ పుస్తకంలో ఏడో అధ్యాయం. వరదలో కొట్టుకుపోతున్న నీళ్ళ ట్యాంకు మీద, ఒక పందితో, మూడు రోజులు. జేబులో వేరే పద్యం లేదు. పోనీ ఆవిడ కథేనని ఒప్పేసుకుందామంటే, మరి మొసలి ఎవరిదని అడుగుతారు.

"ఏం క్లెమ్, నాలుక పోస్టులో పోయిందా?" అని వెనక బల్ల నుంచి ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు.

"నా కథ," అన్నాడు క్లెమ్.

పద్యంలో ట్యాంకు కదిలింది. ఐవీ నమలడం ఆపింది. పంది ఎక్కింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. చలికి తట్టుకోలేక పందిని కౌగిలించుకునే చోటికి వచ్చేసరికి ఆవిడ చెంచా అందుకుంది.

కంచం ఖంగుమంది. సాసేజీలు తిప్పేవాడి చెయ్యి కూడా ఆగిపోయింది.

"చెప్పండమ్మా, ఏమిటి అభ్యంతరం?" అంది డోరీన్.

ఐవీ కర్ర ఊతంగా లేచింది. "అభ్యంతరం కాదమ్మాయ్, సాక్ష్యం! ఇతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ ట్యాంకు మీద అవతలి కొసన కూర్చున్నవాడు ఇతనే. పుస్తకంలో రాయడం మరిచిపోయాను."

మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. క్లెమ్ గబగబా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నేనా ట్యాంకు మొహమైనా చూడలేదు. నా పరువు కోసం ఇంత అబద్ధం ఆడారా!" అన్నాడు గొంతు తగ్గించి.

"నీ పరువు ఎవడిక్కావాలయ్యా? అదిగో, టీ కెటిల్ దగ్గర నోరు వెళ్ళబెట్టి నిలబడిందే, మా అక్క హేజెల్. పుస్తకం అచ్చయినప్పట్నుంచీ అబద్ధాలకోరునని నాతో మాటలు మానేసింది. ఇప్పుడేమంటుందో అననీ!"

"సొంత అక్కే నమ్మలేదా?"

"ఎలా నమ్ముతుందయ్యా, ఆ ఏడు మా ఊళ్ళో చుక్క వాన పడితేగా!"