రెండో ప్రశ్న

"మా ఆయన ఈ ఏడాదైనా వస్తాడా?" అని హైమావతి అడగ్గానే గంగిరెద్దు తలూపింది.

"వస్తాడంట తల్లీ," అన్నాడు యలమంద, చేటలో బియ్యం జోలెలో పోసుకుంటూ.

అయిదేళ్లుగా ఏటా ఇదే మాట.

తెనాలిలో పని చూసుకొస్తానని రేపల్లెలో రైలెక్కిన మనిషి మళ్లీ ఉత్తరం ముక్క రాయలేదు. ఇంట్లో ఆమె ఒక్కతే.

ఇప్పుడు ఆమెకు బాపట్ల టీచర్ ట్రైనింగ్ స్కూల్లో సీటొచ్చింది. సోమవారంలోగా చేరాలి. ఆయన వచ్చేసరికి తలుపుకు తాళం ఉంటే?

యలమంద పక్క వీధికి మళ్లాక, ఎవరో ముసలాయన వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"కాసిని మజ్జిగ పోస్తావా తల్లీ?"

"ఉండు తాతా, తెస్తా."

"ఎద్దునేం అడిగావు?"

చెప్పింది.

"ఏటా అదే అడుగుతావా?"

"ఇంకేం అడగను?"

"ఆయనిక రాడు కదా, అని అడుగు."

హైమావతి మొహం ఎర్రబడింది.

"పసుపు కుంకుమలున్న ఇంట్లో అనాల్సిన మాటేనా అది?"

"అప్పుడూ తలూపిందనుకో?"

"మజ్జిగ లేదు. లేచి వెళ్లు."

"వెళ్తాలే తల్లీ. ఎద్దు ఇంకా ఊరు దాటలేదు," అంటూ కర్ర ఊతంగా లేచాడు.

ఆమె తలుపు వేసుకుంది. కాసేపు తలుపు వెనకే నిలబడింది. తర్వాత పక్క వీధికి నడిచింది.

"మా ఆయనిక రాడు కదూ?"

యలమంద చెయ్యి అలవాటుగా పగ్గం కదిపింది. ఎద్దు తలూపింది.

ఆమె అడిగిందేమిటో అప్పుడుగానీ యలమందకు అర్థం కాలేదు. తల దించుకున్నాడు.

సోమవారం ఆమె బాపట్లలో చేరింది.

మనస్తత్వశాస్త్రం పాఠంలో ప్రేమకుమారి టీచరు అన్నారు: "మన నమ్మకం నిజమనిపించే ప్రశ్న అందరం అడుగుతాం. అది అబద్ధమైతే బయటపడే ప్రశ్న అడగడానికే భయం."

అందరూ రాసుకున్నారు. హైమావతి కలం కదల్లేదు.

సెలవులకు ఇంటికి రాగానే యలమందను ఆపి అడిగింది.

"ఆ రోజు నీ వెనకాలే కర్రతో ఓ తాత వచ్చాడు, ఏ ఊళ్లో ఉంటాడు?"

"మా పెదనాన్న తల్లీ. నా వెనకే ఊరూరా తిరిగేవాడు. పోయిన నెల జంపనిలో పోయాడు."



"నీ గిరాకీ చెడగొడుతూ ఊరూరా ఎందుకు తిరిగాడు?"

"నా పొట్ట కొడుతున్నాడని నేనూ తిట్టిపోసేవాణ్ణమ్మా."

యలమంద ఎద్దు గంగడోలు నిమిరాడు.

"జ్వరం తగ్గుతుందా అని అడిగి, ఇది తలూపిందని, ఒకావిడ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. బిడ్డ దక్కలేదు. ఆ రోజు దీని చేత తలూపించింది పెదనాన్నేనమ్మా."