ఇద్దరి బరువు

వేగం అందుకునేటప్పుడు స్పోర్ట్స్ కారు పట్టు జారకుండా మెకానిక్ తిప్పేస్వామి వెనక స్ప్రింగులు బిగించాడు. అలవాటు కొద్దీ, ట్రయల్‌కు తమ్ముడు ఈరన్న పక్క సీట్లో కూర్చుంటాడని ఇద్దరి బరువుకే బిగించాడు. ఈరన్న చనిపోయి నెలైందని ఆ రాత్రి ట్రయల్‌కు ఒక్కడే బయల్దేరి హిందూపురం దాటాకే గుర్తొచ్చింది. ఏడుపు కూడా రాలేదు.

పక్కన బరువు లేకపోతే ఎడమ చక్రం పట్టు తప్పి ఉత్తినే తిరగాలి. పెనుకొండ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు. కారు తిన్నగా దూసుకుపోయింది. ఆపి, దిగి, టార్చి వేసి చూశాడు. రోడ్డు మీద రెండు టైర్ల నల్లటి చారలూ సమానంగా ఉన్నాయి.

భార్య ప్రమోద ఫోన్ చేసింది.

“యాడుండావయ్యా? ఒక్కనివేనా?”

తిప్పేస్వామి కారు వైపు చూశాడు. తాను దిగాక కుడిపక్క పైకి లేచింది. ఎడమపక్క ఇంకా అణిగే ఉంది.