అసలైన గరగర

"ఇది కూడా కాదు" అన్నాడు పళ్ల డాక్టరు, కళ్లకు తువ్వాలు కట్టుకుని, ఒళ్లో గిటారు పెట్టుకుని. "ముందు పళ్లు బాగానే ఉన్నాయి. దవడ పళ్లలో పస లేదు."

ఆయన మాట్లాడుతున్నది రోగి గురించి కాదు, బఠానీ గింజంత ట్రాన్సిస్టర్ గురించి. సొంతంగా తయారు చేసుకుంటున్న ఫజ్ పెడల్‌లో దాన్ని బిగించాలి. కాలితో నొక్కగానే గిటారు గొంతును గరగరలాడించే డబ్బా అది. ఏ ట్రాన్సిస్టర్ పెడితే ఆ గరగర దివ్యంగా ఉంటుందో తేల్చడానికి డాక్టరుగారు భోజనాల బల్లను ఆక్రమించి చాలాకాలమైంది. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. కళ్లు తెరిచి ఉంటే చెవి మోసపోతుందట, అందుకే గంతలు. ఒకటి తీసి ఒకటి పెట్టే పని మాత్రం భార్యది.

"పట్టకారుతో పట్టుకో. చేత్తో ముట్టుకుంటే వేడి తగిలి దాని గుణం మారిపోతుంది."

"నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత అపురూపంగా చూడలేదు మీరు" అందామె, ఇంకోదాన్ని సాకెట్లో గుచ్చుతూ.

డాక్టరు తీగ మీటాడు. దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి మూలన పెట్టిన స్పీకర్ ముక్కు చీదినట్టు మూలిగింది.

"ఛీ" అన్నాడాయన.

ఆమె తమ్ముడు గుమ్మంలో నిలబడి డ్రమ్ము కర్రలు తిప్పుతున్నాడు. డాక్టరు గిటారు వాయించే బ్యాండులో డ్రమ్ములు అతనివే. "బావా, సాయంత్రమే పోటీ. ఈసారి కూడా నీ డబ్బా కీచుమందంటే గిటారుకి ఇంకొకణ్ణి చూసుకుంటామని మావాళ్లు తేల్చి చెప్పేశారు. స్పీకర్లు ఎలాగూ హాలు వాళ్లవే. ఏదో ఒకటి పెట్టేసి, డబ్బా పట్టుకుని కారెక్కు."

ఆమె గుండెల్లో రాయి పడింది. బ్యాండులోంచి తీసేస్తే ఈయన ఎక్కడ వాయిస్తాడు? ఇంట్లోనే. పొద్దున్నా, సాయంత్రమూ. ఇక ఆదివారాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"అన్నీ అయిపోయాయా?" అన్నాడు డాక్టరు.

"అయ్యాయి."

"అయితే మళ్లీ మొదట్నుంచి కానిద్దాం."

తమ్ముడికి ఒళ్లు మండిపోయింది. చేతిలోని కర్రల్లో ఒకదాన్ని మూలకు విసిరికొట్టాడు. అది ఎక్కడో టప్‌మంది.

"చప్పుడు చేయకు. వినాలి నేను" అన్నాడు బావ గంభీరంగా.

భార్య దేన్నీ మార్చలేదు. ఇప్పుడే ఛీ కొట్టినదాన్నే సాకెట్లో ఉంచి, బల్ల మీద పట్టకారు కాసేపు టకటకలాడించి, "ఊ, కానివ్వండి" అంది.

డాక్టరు తీగ మీటాడు. ఆయన నోరు తెరుచుకుంది. పై పళ్లూ కింది పళ్లూ కనిపించాయి.

"ఇదే. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది ఇదే. చూశారా, ఎలా చీల్చుకుని వస్తోందో? దవడ పళ్లతో సహా ఉంది." తువ్వాలు విప్పితే కళ్లలో నీళ్లు. "చెవి ఉండాలోయ్. అందరికీ ఉండదు."

"అందరికీ ఎక్కడుంటుందండీ" అంది భార్య, తమ్ముడి వంక చూడకుండా. చూస్తే నవ్వొచ్చేస్తుంది.

డాక్టరు దాన్ని అక్కడికక్కడే టంకం పెట్టి అతికించి, డబ్బాకు మూత బిగించి, మిగతావన్నీ చెత్తబుట్టలో పోశాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఖాళీ అయిన బల్లను తుడిచిందే తుడిచి, తమ్ముడి చెవిలో "అది ఇందాక వద్దన్నదేరా" అని ఊదింది.

"అదేంటో గానీ అక్కా, ఈసారి నాక్కూడా బాగానే వినిపించింది."

"నీకూ అంటుకుందా ఈ పిచ్చి? వెళ్లండి, వెళ్లండి."

"ఉండు, నా రెండో కర్ర ఏది?"

తమ్ముడు మూలకెళ్లి వెతికాడు. స్పీకర్ మీది గుడ్డకు చిల్లు పడి ఉంది. గుడ్డ ఎత్తాడు. కర్ర స్పీకర్ కాగితాన్ని చీల్చుకుని సగందాకా దిగబడి ఉంది. లాగబోతే ఆ చిరుగు గరగరమంది. అచ్చం అదే గరగర.

డాక్టరు ఆ చిరుగులోకి తొంగి చూసి, డబ్బా చంకలో పెట్టుకున్నాడు.

"కర్ర నీ దగ్గరే ఉంచుకో. పళ్లు తొలిచే మిషను నేను తెస్తాను. హాలు వాళ్ల స్పీకర్లు ఎన్నుంటాయంటావ్?"