మాట పోయిన సీను

తెర మీద టైలరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

దర్శకురాలు కుర్చీలోంచి దిగ్గున లేచింది. సినిమా మొత్తానికి అదొక్కటే పెద్ద డైలాగు. ఇద్దరాడవాళ్ల ప్రేమకథని గంటా నలభై నిమిషాలు చూపులతో, పొడిమాటలతో నడిపించి, చివరికి బస్టాండు బెంచీ మీద, ఊరొదిలి పోతున్న నర్సుతో టైలరమ్మ మనసు విప్పి చెప్పే సీనది. ఆ మాటల్ని తను ముప్పై రెండు సార్లు కొట్టేసి రాసుకుంది. ఇప్పుడు టైలరమ్మ పెదాలు కదులుతున్నాయి, హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

చీకట్లో ఎవరి కాలో తొక్కి, ఎవరి చేతనో తిట్లు తిని, ప్రొజెక్టరు గదిలోకి పరుగెత్తింది. ఆపరేటరు వైర్ల మధ్య తల దూర్చి ఉన్నాడు.

“ఏదో లూజైనట్టుందమ్మా. ఒక్క నిమిషం.”

“ఆ సీనే ఒక్క నిమిషం బాబూ!”

వైరు దొరికేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి.

కిందికొచ్చేసరికి టైలరమ్మ వేషం వేసిన హీరోయిన్ గుమ్మం దగ్గర పొట్ట పట్టుకుని నవ్వుతోంది. “ఏంటి, నా గొంతుకి ఇవాళ సెలవిచ్చావా?”

“నవ్వకు. ఇక్కడ నా కొంప మునిగింది.”

పక్కనే హాలు యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సినిమా ఇంకో వారం ఉంచాలో తీసేయాలో జనం మొహాలు చూసి తేలుస్తానని పొద్దున్నే చెప్పేశాడు.

జనమంటే పధ్నాలుగు మంది. ముందుగా తలకు రంగేసుకున్న పెద్దాయన బయటికొచ్చాడు.

“ఏమనుకోకండి సార్, చివర్లో సౌండు...” దర్శకురాలు నసిగింది.

“సౌండెందుకమ్మా? ‘వెళ్తే వెళ్లు, నేనేం చావనులే’ అంది కదా. నాకు గంట కొట్టినట్టు వినపడింది.”

“మీ మొహం!” అంది వెనకే వస్తున్న ఆయన భార్య. “‘గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతా’ అంది. ఆ కళ్లు చూస్తే తెలీట్లా? ఇన్నేళ్లుగా నేను చూసే చూపే మీకు అర్థమై చావలేదు, ఇదేం అర్థమవుతుంది!”

తరవాత ఒక కుర్ర జంట.

“సారీ చెప్పింది,” అన్నాడతను.

“సారీ కాదు, ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టిందో చెప్పింది. ఎప్పుడైనా రావచ్చని!” ఆ అమ్మాయి అతని చెయ్యి విదిలించుకుని చరచరా మెట్లు దిగిపోయింది.

హాలు ఊడ్చే ఆవిడ చీపురు గోడకానించింది. “‘ఏమన్నా తిన్నావా?’ అందమ్మా. వెళ్లేవాళ్లని అంతకంటే ఏమడుగుతాం?”

తాను రాసినదానికంటే అదే బాగుందని దర్శకురాలికి లోపల చురుక్కుమంది.

యజమాని గొంతు సవరించుకున్నాడు. “ఇంకో వారం ఉంచుతున్నానమ్మా. ఆ డైలాగు మింగేశారు చూడండి, అదీ తెలివంటే! ఆ వైరు మాత్రం నేనూ బాగుచేయించను.”

దర్శకురాలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో ఒక నడివయసు ఆవిడ ఆమె దగ్గరికొచ్చి, ఆత్రంగా చేతులు తిప్పుతూ సైగలు చేసింది. పక్కనున్న చెల్లెలు అందుకుంది.

“మా అక్కకి చెవులు వినపడవండీ. పెదాలు చూసి చదువుతుంది. ఆ డైలాగు ఒక్క ముక్క పోకుండా చదివేసిందట.”

“హమ్మయ్య! నేను రాసింది ఒక్కరికైనా చేరిందన్నమాట!”

“చేరింది గానీ, కథకి అతకలేదంటోందండీ.”

“ఓ, అదా! ఆ షాటు బస్సుల హోరులో తీశాం. నేను రోడ్డుకి ఇవతల, కెమెరా దగ్గరున్నాను. ఏం వినపడలేదు. మాటలు తరవాత స్టూడియోలో చెప్పించి కలిపాం. ఈ హీరోయిన్‌గారు అక్కడ డైలాగు మర్చిపోయి నోటికొచ్చిందేదో అనేసుంటుంది. ఇంతకీ ఏమందట?”

హీరోయిన్ నవ్వు ఠక్కున ఆగిపోయింది. “నా ఆటో వచ్చినట్టుంది,” అంటూ ఖాళీ వీధి వైపు రెండడుగులు వేసింది. మూడోది పడలేదు. గోడ మీదున్న తన పోస్టరునే కొత్తగా చూస్తున్నట్టు నిలబడిపోయింది.

అక్క చేతులు కదిపింది. చెల్లెలు మాట మాటా ఒప్పజెప్పింది.

“‘డైరెక్టరమ్మా, షూటింగు ఇవాళ్టితో సరి. రేపట్నించి నిన్ను చూడ్డానికి ఏ వంక పెట్టుకుని రావాలో, అదీ నువ్వే రాసివ్వు.’”