సత్తిరాజు నొప్పి

ఆ రోజుల్లో క్యాన్సర్ విరాళాల నడకకు వచ్చినవాళ్ల చేతికి ఒక పట్టీ కట్టేవారు. అది చేతికి ఉన్నంతసేపూ రోగి పడుతున్న నొప్పి అప్పటికప్పుడే వాళ్లకూ తెలిసేది. కాకినాడ బీచ్‌లో హైమ అందరికీ కట్టినవి ఇంట్లో మంచం పట్టిన వాళ్ల నాన్న సత్తిరాజు నొప్పి పట్టీలే. ఆయన జబ్బు ఇక నయం కాదని డాక్టర్లు చెప్పేశారు.

"నువ్వు మాత్రం కట్టుకోకమ్మా" అని ఆయన ఒట్టు వేయించుకున్నాడు.

ఒకావిడ ఏడుస్తూ పట్టీ విప్పి ఇచ్చేసింది. హైమ ఉండబట్టలేక దాన్ని తన చేతికి కట్టుకుంది. కడుపులో కత్తి దిగినట్టయి ఇసుకలో కూలబడింది. అప్పుడే నాన్న ఫోన్ చేశాడు.

"జనం వచ్చారా తల్లీ? నాకేం, ఇవాళ హాయిగా ఉంది. రెండు ఇడ్లీలు తిన్నాను."

"చాలామంది వచ్చారు నాన్నా," అంది హైమ పంటి బిగువున.

ఆయన సంతోషంగా నవ్వాడు. నవ్వినంతసేపూ ఆమె కడుపులో నొప్పి రెట్టింపైంది.