నీటి మరకకు పైన

వరద వచ్చి ఏడాదయినా హాలు గోడ మీద ఛాతీ ఎత్తున నీటి మరక అలాగే ఉంది. గిటారు మాస్టారు స్టూలెక్కి, వేలాడదీస్తే గిటారు అడుగు ఆ మరకకు తగలనంత ఎత్తులో పెన్సిల్‌తో గీత గీశాడు.

"కొక్కేలు ఇక్కడ బిగించు. మొత్తం ఐదు."

వడ్రంగి తలెత్తి చూసి నవ్వాడు. "రోజూ స్టూలెక్కి దించుకుంటారా సార్? కింద స్టాండు చేసిస్తాను. ఐదూ వరసగా నిలబడతాయి, చేతికి అందుతాయి."

"మళ్ళీ నీళ్ళొస్తే?"

"వస్తే ఎత్తుకుని మేడెక్కుతారు. అంతేగా!"

మాస్టారు స్టూలు దిగాడు. పక్క గదిలో కాళ్ళు కదపలేని తల్లి మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"పోయినసారి అదే చేశాను. మూడుసార్లు మెట్లెక్కి దిగాను. ఐదు గిటార్లూ పైకి చేరాయి. ఆ తర్వాత అమ్మ కోసం వచ్చేసరికి, గడ్డం దాకా నీళ్ళలో గోడ పట్టుకుని కూర్చుంది." పెన్సిల్ గీత వైపు చెయ్యి చూపాడు. "ఇవి ముందే పైన ఉంటే, ఈసారి నా చేతులు ఖాళీగా ఉంటాయి."

వడ్రంగి పక్క గది తలుపు వైపు చూశాడు.

"అదేంటి సార్? ఆ రోజు మీరసలు ఇంట్లోనే లేరని మీ అమ్మగారు చెప్పారే!"

"అందరికీ అలాగే చెప్పింది. క్షమించమ్మా అని నేను ఎప్పుడు నోరు తెరిచినా, నాతోనూ అదే మాట అంటుంది. 'నువ్వప్పుడు ఇంట్లో లేవురా' అని."