అటకెక్కిన మూడో మానిటర్

పాడైపోయిన మూడో మానిటర్‌ని తీసి పడగ్గది అటక మీద పడేశాను. కంప్యూటర్ వెనక దాని కేబుల్ పీకడానికి మాత్రం బద్ధకించాను. అందుకే నా కంప్యూటర్ ఇంకా మూడు మానిటర్లున్నాయనే అనుకుంటోంది. మౌస్ కాస్త ఎక్కువ జరిపితే చాలు, బాణం రెండో మానిటర్ అంచు దాటి ఖాళీ గోడవైపు మాయమైపోతుంది.

ఈ రాత్రి ఆఫీసు పని ముగించి ఆట మొదలుపెట్టానో లేదో, బాణం మళ్ళీ అలాగే పోయింది. వెనక్కి లాగాను. అది వచ్చిన దారంతా తెర మీద నత్త పాకినట్టు జిగట చార పడింది. ఛీ! తుడవబోతే వేలికి అంటుకుని తీగలా సాగింది. పాచినోటి కంపు.

పడగ్గదిలోంచి మా ఆవిడ అరిచింది.

"ఏవండీ! అటక మీద ఆ దిక్కుమాలినది వెలుగుతోందేంటి? నా మొహం మీద ఏదో జొల్లులా కారుతోందండీ!"

మౌస్ వదిలేశాను. బాణం మాత్రం ఆగలేదు. తనంతట తానే మళ్ళీ గోడవైపు పాకుతూ పోయింది.